ఏనుగు కాళ్ళ కథ

బడికి 75 ఏళ్ళు నిండాయి, సంచిక వేస్తున్నాం, నువ్వు సివిల్ ఇంజనీరువి కదా బిల్డింగు గురించి రాయి అని మన బ్యాచ్ వాళ్ళు ఫోన్ చేసినప్పుడు ముందు తప్పించుకుందామనే చూశాను. మాస్టార్ల గురించి రాయమంటే ఎవరైనా రాస్తారు, గోడల గురించి ఏం రాస్తాం అనుకున్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, ఆ గోడల సంగతి ఒకటి యాభై ఏళ్ళ నుంచీ ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నానని. అది ఇందులో చెప్పేస్తాను. కాకపోతే మధ్యలో చెప్తాను, ముందే చెప్తే మిగతాది మీరు చదవరు.

ఏనుగు కాళ్ళు మీ అందరికీ తెలుసు. హాలుకి పడమటి పక్కన, పాత ఏడో తరగతి గది వెనకాల గోడకి ఆనించి ఏటవాలుగా కట్టిన రెండు లావుపాటి దిమ్మలు. వాటిమీద నుంచి జారి నిక్కరు చింపుకోని వాడు మన బళ్ళో ఉండడు. కానీ ఇందులో ఒక సవరణ ఉంది. 1977 వేసవికి ముందు చదివినవాళ్ళకి ఆ అదృష్టం లేదు, వాళ్ళ కాలానికి అవి లేవు. మొదట్నుంచీ ఉన్నాయని, తెల్లవాడి టైములో కట్టారని కూడా ఒకాయన మన వాట్సాప్ గ్రూపులో రాశారు. అసలు మన బడే తెల్లవాడి టైములో కట్టింది కాదండీ. గుమ్మం పక్కన రాతిపలక మీద చక్కగా ఉంది, గుంటూరు జిల్లా బోర్డు, 1950, వికృతి నామ సంవత్సరం అని. ఆ 'వికృతి' అన్న మాట పట్టుకుని మేము ఒకర్నొకరు ఎంత ఏడిపించుకునేవాళ్ళమో. అరవై ఏళ్ళు తిరిగి 2010లో మళ్ళీ వికృతే వచ్చింది, ఎవరికీ పట్టలేదు.

ఊళ్ళో ఎన్నడూ ఉండని మన పిల్లలు కూడా ఈ సంచిక చదువుతారు కాబట్టి వాళ్ళ కోసం బడి ఎలా ఉంటుందో రెండు ముక్కలు. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు దారికి దగ్గర్లో, కాలవ గట్టు దిగగానే. తూర్పు పడమరలుగా పొడుగ్గా ఒకే వరస. మధ్యలో ఎత్తుగా హాలు, దానికి అటు మూడు ఇటు మూడు గదులు, ముందు దక్షిణం వైపు ఆ కొస నుంచి ఈ కొస దాకా వరండా. హాలుకి మిద్దె, గదులకి బెంగుళూరు పెంకు. ప్రతి గదికీ ఉత్తరాన రెండు, దక్షిణాన రెండు ఊచల కిటికీలు, వాటిపైన తాడు లాగితే తెరుచుకునే చిన్న అద్దాల వెంటిలేటర్లు. తాళ్ళు మేము చూసేసరికే లేవు, అద్దాల్లో పిచ్చుకలు కాపురం.

చూడ్డానికి ఏమీ లేదు. ఒక నగిషీ లేదు, ఒక కమాను లేదు. కానీ నేను ఇంజనీరింగ్ కాలేజీలో చేరాక మొదటి సంవత్సరంలో ఒక లెక్చరరు బోర్డు మీద ఒక పొడుగాటి డబ్బా గీసి, మన దేశంలో బడి ఎప్పుడూ ఇలా పడుకోవాలి, పొట్టి గోడలు తూర్పు పడమరలకి, పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకి, అప్పుడు ఎండ గదిలోకి రాదు, గాలి మాత్రం అడ్డంగా దూసుకుపోతుంది అని చెప్తుంటే, ఓరినీ ఇది మా ఊరి బడే కదా అనిపించింది. మే నెల సాయంత్రం దక్షిణపు గాలి తిరిగిందంటే వరండా లోంచి గదిలోకొచ్చి వెనక కిటికీలోంచి బయటికి పోయేది, దారిలో మన కాగితాలు కూడా పట్టుకుపోయేది. ఫ్యాను అన్న వస్తువు బళ్ళో ఉంటుందని పదో తరగతి అయ్యేదాకా నాకు తెలీదు.

హాలుకి మిద్దె వేసి గదులకి పెంకులు ఎందుకేశారు? చిన్నప్పుడు హాలు గొప్పది కాబట్టి అనుకునేవాణ్ణి. అసలు కారణం యుద్ధం.

రెండో ప్రపంచ యుద్ధం మన ఊరికి రాలేదు. 1942 ఏప్రిల్లో విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను వాళ్ళు బాంబులేశారని విని ఊళ్ళో వాళ్ళు ఆకాశం వంక చూశారట, అంతే. కానీ అదే ఏడాది బర్మా పోయింది. బర్మా పోవడంతోటే బర్మా టేకు పోయింది. అప్పటిదాకా మన కోస్తాలో కాస్త కలిగిన వాళ్ళ ఇళ్ళలో దూలాలూ తలుపులూ అన్నీ ఆ టేకే. యుద్ధం 1945లో ముగిసింది గానీ సిమెంటుకీ ఇనుముకీ కంట్రోలు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచింది. పర్మిట్టు లేందే సిమెంటు లేదు. పర్మిట్టు కావాలంటే గుంటూరు తిరగాలి. పల్లెటూరి బడికి ఎవరిస్తారు? అందుకని మన బడిలో సిమెంటన్నది గుమ్మం ముందు మెట్లకీ, రాతిపలక చుట్టూ పూతకీ తప్ప ఎక్కడా వాడలేదని మా నాయనమ్మ చెప్పేది. మిగతాదంతా గానుగ సున్నం. భద్రాచలం అడవుల టేకు గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రికి దిగేది, అక్కణ్ణుంచి తెచ్చిన కలప ఒక్క హాలుకి సరిపోయింది. గదులకి ఊళ్ళో వాళ్ళ తాడిచెట్లు కొట్టి వాసాలు వేశారు, పైన పెంకులు పరిచారు. అంటే ఇందులో ప్లాను ఏమీ లేదు, ఏది దొరికితే అది.

సరదాకి ఇంకో సంగతి. సరిగ్గా అదే రోజుల్లో ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లాలో వేలాది పిల్లలకి బళ్ళు లేక, ఫ్యాక్టరీలో తయారుచేసిన ఉక్కు ముక్కలూ కాంక్రీటు పలకలూ తెచ్చి బిగించి బళ్ళు కట్టేశారు. ఇప్పటికీ ఆర్కిటెక్టులు వాటి గురించి చెప్పుకుంటారు. వాళ్ళకి ఇటుకలకీ, ఇటుక పేర్చే చేతులకీ కరువు. మనకి ఇటుకలూ చేతులూ బోలెడు, ఉక్కుకీ సిమెంటుకీ కరువు. ఒకే యుద్ధం, వాళ్ళ బడి అలా వచ్చింది, మన బడి ఇలా వచ్చింది. మన దాని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మా నాయనమ్మ మాట వచ్చింది కదా. హాలు మిద్దె కొట్టిన ఆడకూలీల్లో ఆవిడ ఒకతె. దీన్ని మద్రాస్ టెర్రస్ అంటారు, ఇప్పుడు దాదాపు ఎవరూ వెయ్యరు, వేసే మేస్త్రీ దొరకడం కూడా కష్టం. దూలాల మీద అడ్డంగా టేకు బద్దెలు దగ్గర దగ్గరగా వేస్తారు. వాటిమీద పల్చటి ఇటుకలు, పడుకోబెట్టి కాదు, అంచు మీద నిలబెట్టి, ఐమూలగా సున్నంతో పేర్చుకుంటూ పోతారు. దానిమీద ఇటుక ముక్కలూ సున్నం కలిపిన మందపాటి పొర. ఇక అప్పుడు మొదలవుతుంది అసలు పని. ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూర్చుని చెక్క దిమ్మిసలతో ఆ పొరని కొడతారు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, దిమ్మిస వేస్తే టంగుమని ఎగిరి రావాలి, అప్పటిదాకా. పైన కరక్కాయలూ బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూనే ఉండాలి. ఆ బెల్లం నీళ్ళకి చీమలు, చీమలకి తోడు చంటిపిల్లలు. మా చిన్నాన్నని చెట్టుకింద ఉయ్యాల్లో వేసి పైకెక్కేదట. పిల్లాడు ఏడిస్తే పైనుంచి పాట గట్టిగా అందుకునేది, గొంతు వినపడితే ఊరుకునేవాడని.

ఆవిడ అరచేతులు నేను పట్టుకుని చూశాను. బొటనవేలు మొదట్లో తోలు గట్టిపడి పసుపుపచ్చగా ఉండేది. సున్నం తిన్న చెయ్యి అనేది. మేము హాల్లో ఆగస్టు పదిహేను పాటలు పాడుతుంటే చూడ్డానికొచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, మమ్మల్ని చూడకుండా మెడ వెనక్కి విరిచి కప్పు వంక చూసేది. "ఏంటే అలా చూస్తావు" అంటే "మనోళ్ళు కొట్టిన కాడ కారిందేమో అని" అనేది. కారలేదు. హాల్లో కప్పు కారడం నేను ఒక్కసారీ చూడలేదు, ఇంజనీరుగా నేను కట్టించిన శ్లాబుల్లో అలా చెప్పుకోదగ్గవి ఎన్నో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

రాతిపలక మీద పేర్లు పదకొండు. స్థలం ఇచ్చిన వారు, నూట పదహార్లు ఇచ్చిన వారు, వెయ్యి నూట పదహార్లు ఇచ్చిన వారు. ఇచ్చినవాళ్ళని నేను ఏమీ అనను, ఆ రోజుల్లో ఆ డబ్బు చిన్నదేం కాదు. మా నాయనమ్మకి చదువు రాదు కాబట్టి పలక మీద ఏముందో ఆవిడకి తెలీదు. చదివి వినిపించమని ఒకసారి అడిగింది, నేను చదివాను, "అంతేనా" అంది.

పేర్ల సంగతికొస్తే మన బడి పేరు రాసిన బోర్డు కథ ఇంకో నవ్వులాట. కట్టినప్పుడు జిల్లా బోర్డు హైస్కూలు, పెద్దవాళ్ళు ఇప్పటికీ 'బోర్డు హైస్కూలు' అనే అంటారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్, బోర్డు మీద మదరాసు పోయింది. 1959 నవంబరు 1 నుంచి పంచాయతీరాజ్ వచ్చింది, రాజస్థాన్ తర్వాత దేశంలో మనదే రెండో రాష్ట్రం, జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులయ్యాయి. దాంతో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఎన్టీ రామారావు గారు మండలాలు తెచ్చిన చట్టంతో అది జిల్లా ప్రజా పరిషత్ అయ్యింది, అప్పుడు పెయింటరు కొత్తగా రాయడానికి బద్ధకించి 'జిల్లా'కీ 'పరిషత్'కీ మధ్య సందులో 'ప్రజా' అని సన్నగా ఇరికించాడు, మీలో తొంభైల బ్యాచ్ వాళ్ళకి ఆ నలిగిపోయిన ప్రజ గుర్తుండే ఉంటుంది. 1994 చట్టంతో మళ్ళీ ప్రజ పోయింది. ఇప్పుడు 2022 ఏప్రిల్ నుంచి మనది బాపట్ల జిల్లా, పరిషత్తు మాత్రం ఇంకా పాత గుంటూరే.

గది గుమ్మాల మీద ఇంకా పాతది ఒకటుంది, సున్నం పెచ్చు ఊడినప్పుడు బయటపడేది. 'ఫారం' అని. ఇప్పటి ఆరో తరగతి అప్పుడు ఫస్టు ఫారం, పదకొండో క్లాసు సిక్స్తు ఫారం, అదే ఎస్ఎస్ఎల్‌సీ. ఆరు ఫారాలు, ఆరు గదులు, లెక్క సరిపోయిందనుకుంటాం. సరిపోలేదు. తూర్పు కొసన ఉన్న గది ఆడపిల్లల వెయిటింగ్ రూమ్. దానికి వరండా వైపు కాకుండా పక్కకి విడిగా గుమ్మం. ఆడపిల్లలు నేరుగా క్లాసుకి వెళ్ళకూడదు, ఆ గదిలో కూర్చోవాలి, మాస్టారు వస్తుంటే ఆయన వెనకాల వరసగా నడిచి వెళ్ళి కూర్చోవాలి, గంట కొట్టగానే మళ్ళీ ఆయన వెనకాలే గదికి వచ్చెయ్యాలి. మా మేనత్త అలా చదివింది. రోజుకి ఏడు పీరియడ్లు, పద్నాలుగు ఊరేగింపులు అనేది. నా టైముకి అది డ్రిల్లు మాస్టారి సామాను గది, ఒక పగిలిన క్యారమ్ బోర్డు, గాలిపోయిన వాలీబాల్ రెండు. పక్క గుమ్మం మాత్రం అలాగే ఉండేది, ఎందుకుందో మాలో ఎవడికీ తెలీదు.

క్రాఫ్టు షెడ్డు గురించి రెండు మాటలే, ఎక్కువ రాయడానికి అందులో ఏమీ లేదు. 1952-53లో మొదలియార్ కమిషన్ బళ్ళలో చేతిపనులు ఉండాలని చెప్పింది, ఆ ఊపులో మనకో మగ్గాల షెడ్డు వచ్చింది. సిమెంటు రేకులు వేశారు. మధ్యాహ్నం రెండు గంటలకి అందులో కూర్చుంటే మన మెదడు ఆమ్లెట్టు. మగ్గాలు ఎప్పుడో పోయాయి, రేకులు మాత్రం మొన్నమొన్నటి దాకా ఉన్నాయి.

ఇక అసలు సంగతి.

మన నేల రేగడి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లో గోళీ పడితే మరి దొరకదు. వానపడితే ఉబ్బుతుంది. దానిమీద కట్టిన ఇల్లు ఊపిరి పీల్చి వదులుతున్న మనిషి ఛాతీ మీద కూర్చున్నట్టే. మన మేస్త్రీలు పునాది లోతుగా తవ్వి అడుగున ఇసుక పోసి నీళ్ళతో కుదించి ఆ పైన కట్టారు, తెలివైన పనే. కానీ హాలు బరువు, మిద్దె మోస్తోంది. పక్క గదులు తేలిక, పెంకులే కదా. బరువైంది కాస్త ఎక్కువ దిగింది, తేలికైంది తక్కువ దిగింది, రెంటికీ కలిసే చోట, అంటే హాలుకీ ఏడో తరగతి గదికీ మధ్య మూల, నిలువునా ఒక బీట. నేను ఏడులోకొచ్చే నాటికి, 1976లో, ఆ బీటలో అణా బిళ్ళ పట్టేది. పట్టేదంటే దోపి చూశాం.

ఒకరోజు ఓవర్సీరు గారు, అంటే సర్కారు కట్టడాల పనులు చూసే ఆయన, సైకిల్ మీద వచ్చారు. బీట మీద అడ్డంగా మూడు చోట్ల, కింద ఒకటి, మధ్యలో ఒకటి, కప్పు దగ్గర ఒకటి, వేలెడు వెడల్పున్న అద్దం ముక్కలు పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించి, ఆ పచ్చి సిమెంటు మీద మేకుతో తేదీ గీశారు. అద్దం సాగదు, గోడ వెంట్రుకవాసి కదిలినా అద్దం పుటుక్కుమంటుంది, అప్పుడు గోడ ఇంకా కదులుతోందని తెలుస్తుంది అని లెక్కల మాస్టారికి చెప్తుంటే మేమంతా విన్నాం. ఇక మాకు పాఠాలెక్కడ? పొద్దున రాగానే అద్దం దగ్గరికి పరుగు. పగిలితే గోడ పడుతుంది, గోడ పడితే సెలవు. వారం గడిచింది, పది రోజులు గడిచాయి, అద్దం చెక్కుచెదరలేదు.

నా పక్కన కూర్చునేవాడు, పేరు రాయను, మీకు తెలిసినవాడే, ఇప్పుడు మనవలున్న పెద్దమనిషి, పుల్ల ఐసు పందెం వేశాడు. అది అద్దం కాదురా, వేరే ఏదో గట్టి సరుకు, నువ్వు కొట్టినా పగలదు అన్నాడు. మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళారు. నేను బెంచీ లాక్కొచ్చి, జామెట్రీ బాక్సులో వృత్తలేఖిని తీసి, ముల్లు అద్దం మధ్యలో ఆనించి, దానిమీద మా ఇనప స్కేలుతో ఒక్కటే దెబ్బ. ఎంత చిన్న చప్పుడనుకున్నారు! ఎండుటాకు తొక్కినట్టు. అద్దం మధ్యకి సన్నటి గీత, అచ్చం గోడే కదిలితే ఎలా పడుతుందో అలా. బెంచీ మళ్ళీ దాని చోటికి లాగేసి నేను కూడా అన్నానికి వెళ్ళిపోయాను. అన్నం సహించలేదు. పుల్ల ఐసు వాడు కొనివ్వనూలేదు, నేను అడగనూలేదు.

తర్వాత జరిగింది నా చేతుల్లో లేదు. హెడ్మాస్టారు చూశారు, కబురెళ్ళింది, ఓవర్సీరు గారు మళ్ళీ సైకిల్ మీద వచ్చారు. పైన రెండూ బాగానే ఉన్నాయి, కిందది పోయింది ఏమిటి చెప్మా అని చాలాసేపు గోడనే చూశారు. మా క్లాసు వంక కూడా ఒకసారి చూశారు. నేను పుస్తకంలో తల పెట్టేశాను. చివరికి, పునాది దగ్గర కదలిక ఉంది, పిల్లలున్న చోటు, మనకెందుకొచ్చిన గొడవ అని రాసుకుని వెళ్ళారు. మర్నాటి నుంచి గదికి తాళం. మా క్లాసు వేపచెట్టు కిందికి. ఆ ఏడాది మిగతాదంతా చెట్టుకిందే చదివాం. కాకిరెట్టలు, వానొస్తే హాల్లోకి ఉరుకు, అక్కడ వేరే క్లాసు, వాళ్ళ మాస్టారు మమ్మల్ని చూసి మొహం చిట్లించడం. మా క్లాసులో ఆ ఏడాది లెక్కలు తప్పినవాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడు నన్ను తిట్టుకోవచ్చు.

1977 వేసవిలో గోడకి రెండు ఆసరాలు కట్టారు. ఇటుక, ఈసారి సిమెంటుతోనే. కింద ఆరడుగుల వెడల్పు, పైకి పోనుపోనూ సన్నంగా. జూన్లో బడి తెరిచేసరికి అవి బూడిదరంగులో నిలబడి ఉన్నాయి, ఎవడో చూసీ చూడగానే ఏనుగు కాళ్ళురోయ్ అన్నాడు, ఆ పేరు ఖాయమైపోయింది. అవి కట్టడానికి అయిన డబ్బు ఎంతో నాకు తెలీదు, తెలుసుకునే ధైర్యం కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ నవంబరులోనే తుఫాను. 1977 నవంబరు 19, శనివారం. దాని గురించి మన తరం వాళ్ళకి చెప్పక్కర్లేదు, నది అవతల దివిసీమలో సముద్రమే ఊళ్ళ మీదికొచ్చింది, సర్కారు లెక్కలోనే పదివేల మంది. మనకి ఉప్పెన రాలేదు, గాలి వచ్చింది. పూరిళ్ళలో వాళ్ళంతా బడికి చేరాం, మేము కూడా. హాల్లో కాలు పెట్టే చోటు లేదు. గాలి ముందు ఈశాన్యం నుంచి మొదలై తూర్పుకి తిరిగింది. పెంకులు లేవడం ముందు ఒకటీ అరా టపటపమన్నాయి, తర్వాత ఎవరో చాట తిరగేసినట్టు ఒక్కసారిగా తూర్పు వైపు గదుల మీది పెంకులన్నీ. కొస గోడ, పెంకుల కింద త్రికోణంగా లేచేదే, అది పడ్డప్పుడు చప్పుడు వినపడలేదు, కాళ్ళకింద గచ్చు అదిరింది, అలా తెలిసింది. హాలు తలుపులకి బెంచీలు అడ్డంపెట్టి మగవాళ్ళంతా వీపులానించి నిలబడ్డారు. లాంతరు ఆరిపోయింది. ఆ చీకట్లో పిల్లల ఏడుపుల మధ్య మా నాయనమ్మ గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది, ఎవరికో ధైర్యం చెప్తోంది, "ఏం కాదమ్మా, ఈ కప్పు మేం కొట్టింది" అని.

తెల్లారి చూస్తే తూర్పు రెక్క మొండిగోడలు. హాలు అలాగే ఉంది. పడమటి మూడు గదుల మీద కొన్ని పెంకులు పోయాయి, గోడలు మాత్రం నిలిచాయి. ఏనుగు కాళ్ళే కాపాడాయి అని ఊరంతా చెప్పుకున్నారు. ఓవర్సీరు గారికి దండ కూడా వేశారు. నేను ఆ దండ వేసిన చోటే ఉన్నాను, చప్పట్లు కొట్టాను. ఇప్పుడు ఇంజనీరుగా చెప్పమంటే, గాలి కొట్టింది తూర్పు నుంచి, ముందు దెబ్బ తిన్నది తూర్పు రెక్క, మధ్యలో హాలు అడ్డం ఉండబట్టి పడమటి గదులకి మరుగు దొరికింది, ఏనుగు కాళ్ళ పాత్ర ఎంతో చెప్పలేను. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నాకైతే ఉందనుకోవడమే బాగుంటుంది, ఎందుకో మీకు తెలుసు.

తూర్పు రెక్కకి తర్వాత కాంక్రీటు శ్లాబు వేశారు. కంట్రోలు ఇంకా ఉంది గానీ, మాచర్లలో కేసీపీ వాళ్ళ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చి కూడా ఇరవై ఏళ్ళయింది, ఈసారి బడికి సిమెంటు దొరికింది. దొరికింది కదా అని కప్పు ఎత్తు రెండడుగులు తగ్గించేశారు, వెనక కిటికీలు రెండు మూయించారు. మేము పదో తరగతి ఆ గదుల్లోనే చదివాం, 1980 మార్చిలో చెమట కారి జవాబు పత్రం మీద సిరా అలుక్కుపోయిన వాళ్ళలో నేనొకణ్ణి. ఒకే కాంపౌండులో పాతికేళ్ళ తేడాలో కట్టిన రెండు గదుల్లో ఏది నయమో వేసవి మధ్యాహ్నం పది నిముషాలు కూర్చున్న ఎవడైనా చెప్తాడు, దానికి డిగ్రీ అక్కర్లేదు. కాకపోతే తుఫానొస్తే నేను శ్లాబు కిందికే పరిగెడతాను, అది కూడా నిజం. ఈ మధ్య సర్కారు బళ్ళని బాగుచేసే నాడు-నేడు పథకంలో వచ్చిన పనులు నేను పూర్తిగా చూడలేదు, కుళాయిలూ మరుగుదొడ్లూ బాగున్నాయి, ఆడపిల్లలు ఇంటికి పరిగెత్తక్కర్లేదు, అదొక్కటి చాలు దానికి దణ్ణం పెట్టడానికి.

మొన్న వేసవిలో, ఈ పండగ కోసం బడికి సున్నాలు వేయిస్తుంటే చూడమని నన్ను పంపారు. పాత ఏడో తరగతి గదిలో పని జరుగుతోంది. గదిలో ఇప్పుడు మధ్యాహ్న భోజనం గిన్నెలు, బియ్యం బస్తాలు. ఆ మూల చూశాను. కిందది, నాది, అద్దం ఎప్పుడో రాలిపోయింది, రెండు సిమెంటు ముద్దలు మాత్రం గోడకి కురుపుల్లా ఉన్నాయి. మధ్యది ఎవరో పీకేసిన గుర్తు. పైన మూడోది ఉందో లేదో సున్నం పొరల కింద కనపడ్డం లేదు.

రంగులేసే కుర్రాణ్ణి నిచ్చెన అడిగాను. "మీరెందుకు సార్, నేనెక్కుతాను" అన్నాడు. వినకుండా ఎక్కాను. వేలితో తడిమితే ఎత్తుగా తగిలింది. గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడింది, తెలుపు, నీలం, మళ్ళీ తెలుపు, ఆ మధ్య పసుపు వేశారు కదా అది, అన్నిటి కింద నున్నగా, చల్లగా అద్దం. పక్కన మేకుతో గీసిన అంకెల్లో 76 మాత్రం చదవగలిగాను. సెల్‌ఫోను లైటు వేసి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను. గీత లేదు.

కింద నుంచి కుర్రాడు "ఏంటి సార్ అది, పీకేయమంటారా?" అన్నాడు. ఉండనివ్వు, దానిమీద సున్నం కూడా వెయ్యకు అన్నాను. నిచ్చెన దిగుతుంటే కాళ్ళు కొంచెం వణికాయి, పట్టుకున్నాడు. వయసు వల్లే అనుకుని ఉంటాడు.